నీ పేరు మీద ఆడిన సెమీఫైనల్

కుప్పం,
6 జులై 2003.

ఒరే విల్సన్,

ఉత్తరం చూసి ఎవరు పోయారో అని కంగారుపడకు. నేనే, మునిచంద్రను. ఫోను చేయొచ్చు గదా అంటావు. ఇక్కడ ఎస్టీడీ బూతు ఆయన మా స్కూలు అటెండరుకు బావ. నేను బూతులో తుమ్మితే సాయంత్రానికి స్టాఫ్ రూములో "జలుబు తగ్గిందా సార్" అని అడుగుతారు. అందుకే ఉత్తరాలు.

పోస్టింగు కుప్పంలో పడింది. హైస్కూలు పీఈటీని, గవర్నమెంటు జీతగాణ్ణి. మాలతీ, పాపా పుంగనూరులోనే ఉన్నారు. రెండు వారాలకోసారి శనివారం బస్సెక్కి పోతాను, సోమవారం తెల్లవారి బస్సుకు వస్తాను. ఇక్కడి పిల్లలకు క్రికెట్ కంటే ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువ. కోలారు గనుల వైపు నుంచి రైలెక్కి వచ్చిన పిచ్చి అంటారు. జనవరిలో నాకౌట్ టోర్నమెంటు పెడతారట. చొక్కాలు లేకపోయినా బూట్లు కొంటున్నార్రా వెధవలు!

ఇంకో సంగతి. స్టేషను వెనక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుని జిమ్ పెట్టాను. బెంగళూరులో మూతపడిన జిమ్ సామాను చవగ్గా దొరికింది. ఒక బెంచీ, రెండు బార్లు, తుప్పు పట్టిన ప్లేట్లు. పొద్దున ఐదింటికి తలుపు తీస్తాను. దండీలు, బస్కీలు, ఆ పైన బరువులు. నా పొట్ట రెండంగుళాలు తగ్గింది. నీ పొట్ట ఎక్కడిదాకా వచ్చింది? ఎక్స్‌రే గదిలో చీకట్లో కూర్చునేవాడికి పొట్ట కనిపించదులే.

నిన్న పిల్లలకు పెనాల్టీ కొట్టడం నేర్పుతుంటే మన మదనపల్లె రోజులు గుర్తొచ్చాయి. గోవిందస్వామి సార్ ఈల, ప్రాక్టీసు తరువాత ఒక్కొక్కడికి రెండు ఉడికిన గుడ్లు. తొంభైమూడు డిసెంబరు. సెమీఫైనలుకు రెండు రోజుల ముందు నాకు పచ్చకామెర్లు రావడం, హాజరు చాలక కాలేజీ రిజిస్టర్లో నీ పేరు కొట్టేసి ఉండటం, సార్ నా ఐడెంటిటీ కార్డు నీ చేతిలో పెట్టి "ఈ పొద్దు నువ్వే మునిచంద్రవు, ఎవరన్నా పిలిస్తే పలుకు" అనడం. మంచం మీద పసుపుపచ్చగా పడున్న నేను ఆ వానలో గోలు కొట్టాను గదరా! ఆ సర్టిఫికెట్టే లేకపోతే స్పోర్ట్స్ కోటా ఎక్కడిది, ఈ ఉద్యోగం ఎక్కడిది? మొదటి జీతంతో నీకు కోడి బిర్యానీ బాకీ.

అమ్మ ప్రభావతమ్మకు దండాలు చెప్పు. మీ ఆవిడ బీనా బాగుందా?

నీ
ముని


మదనపల్లె,
20 జులై 2003.

ప్రియమైన మునికి వందనాలు.

ఉద్యోగంలో చేరినందుకు సంతోషం. అమ్మ నీ ఉత్తరం చదివించుకుని "ముని మారలేదు" అని నవ్వింది. నర్సు ఉద్యోగం మానేసి రెండేళ్ళయినా ఇప్పటికీ పొద్దున్నే లేచి ఆసుపత్రి కాంపౌండంతా ఒక చుట్టు తిరిగి వస్తుంది. బీనా బాగుంది. నా పొట్ట గురించి నీకెందుకు?

నేను బంతి తన్ని పదేళ్ళవుతుంది. మిషను స్కూలు పిల్లలు ఆడుతుంటే గోడ ఇవతల నిలబడి చూస్తాను, లోపలికి పోను. పిలిచారు కూడా. కాలు నొప్పి అని చెప్పాను. నా కాలుకు ఏ నొప్పీ లేదు.

నువ్వు గోలు గురించి రాశావు. ఆ గోలు ఎలా పడిందో రాయలేదు. కుప్పం టీము గోల్‌కీపర్ గుర్తున్నాడా? నువ్వు మంచం మీద ఉన్నావు గనక చూడలేదు. గోపాలస్వామి అని సన్నటి కుర్రాడు. వాడిది కుప్పమే గదా. అక్కడ కనిపిస్తాడేమోనని మాత్రం అడుగుతున్నాను. వెతకవద్దు. లేదు, ఊరికే తెలిస్తే రాయి.

బిర్యానీ బాకీ అక్కరలేదు.

విల్సన్


కుప్పం,
17 ఆగస్టు 2003.

విల్సన్,

నువ్వు ఏ ముహూర్తాన రాశావోగాని, వాడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

జెండా పండగ అయిపోయి స్టాఫ్ రూములో కూర్చున్నాం. హెడ్మాస్టరు నరసింహులు సారు మండలం ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళకు నన్ను చూపించి "మా పీఈటీ మామూలోడు కాదు, యూనివర్సిటీ రన్నరప్ సర్టిఫికెట్ ఉండాది" అని గొప్పలు చెబుతున్నాడు. వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. కుడికాలు వంకరగా పడుతోంది. లోపలికి వచ్చి నా ముఖంలోకి చూశాడు.

"మదనపల్లె కాలేజీలో ఆడిన మునిచంద్ర మీరేనా సార్? తొంబైమూడులో, వానలో, కుప్పం టీము మింద గోలు ఏసింది?"

పెద్దమనుషులందరూ నా వంకే చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను కాదంటే మరి ఆ సర్టిఫికెట్ ఎవరిది? అవునంటే ఆ పొద్దు గోలు దగ్గర వీడి కాలు విరిచిందీ నేనే అవుతాను. ఒక్క క్షణమేరా. నా నోరు "అవునప్పా, నేనే" అనేసింది.

వాడు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పేపరు ముక్క. 'మునిచంద్ర గోలుతో మదనపల్లె విజయం.' పదేళ్ళు దాచాడు. తరువాత మెల్లగా అన్నాడు: "ఆ పొద్దు మొగమంతా బురద, నేను సరిగ్గా సూళ్ళేదు. దొరికితే కొట్టాలని శానా దినాలు తిరిగితి సార్. ఇప్పుడు ఆ కోపం ల్యా. పిల్లకాయలకు బాగా నేర్పిస్తాండారని ఇని, ఒగసారి సూసి పోదామని వస్తి."

నరసింహులు సారు కళ్ళు తుడుచుకున్నాడు! అందరూ చప్పట్లు కొట్టారు. నేను వాడి చేతులు పట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయానురా, నిజంగా.

వాడికి స్టేషను దగ్గర సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి ఉంది. పెళ్ళి కాలేదు. తల్లి పాపక్కతో ఉంటాడు. ఆ కాలానికి రైల్వే టీము సెలక్షనుకు పిలుపు వచ్చి ఉందట, ఫిబ్రవరిలో. నీకు తెలుసా ఈ సంగతి?

ఏమైనా వాడు క్షమించేశాడు. నీ బరువు కూడా దిగిపోయినట్టే అనుకో.

ముని


మదనపల్లె,
25 ఆగస్టు 2003.

మునికి,

వాడు క్షమించింది నిన్ను. నన్ను కాదు. నువ్వు నా తప్పును నీదని చెప్పుకున్నావు, వాడు ఇచ్చింది నువ్వే పుచ్చుకున్నావు. నాకేం దిగింది?

నీకు ఇంతవరకు చెప్పనిది చెబుతాను. అందరూ అనుకున్నట్టు వానలో జారి తగిలిన దెబ్బ కాదు అది. ఎక్స్‌ట్రా టైము, ఒకటి ఒకటి. బంతి వాడి చేతుల్లోకి వచ్చేసింది. గట్టిగా పట్టుకుని పడుకున్నాడు. నేను ఆగొచ్చు. ఆగడానికి రెండడుగుల చోటు ఉంది. ఆగలేదు. ఈ మ్యాచ్ గెలిస్తే గోవిందస్వామి సార్ ప్రిన్సిపాలుతో చెప్పి నన్ను మళ్ళీ కాలేజీలో చేర్పిస్తానన్నాడు. నా కళ్ళకు ఆ బంతి ఒక్కటే కనపడింది. తన్నాను. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బంతి దొర్లి గోల్లోకి పోయింది. ఆ బురదలో రెఫరీకి ఏం కనపడిందో, గోలు ఇచ్చాడు. మనవాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకుని "ముని! ముని!" అని అరిచారు.

కాలేజీలో చేర్చుకోలేదు, అది నీకు తెలుసు.

పదేళ్ళుగా ప్రతి నెలా ప్రభు బల్ల దగ్గర మోకరించి రొట్టె తీసుకుంటున్నాను, ఈ సంగతి కడుపులో పెట్టుకునే. ఇక చాతకాదు. వచ్చే ఆదివారం కుప్పం వస్తాను. వాడి ఇంటికి నువ్వు తీసుకుపోకపోయినా సరే, సైకిల్ అంగడి ఎవరినడిగినా చెబుతారు.

విల్సన్


కుప్పం,
28 ఆగస్టు 2003.

విల్సన్,

రావద్దు. కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు.

నువ్వు నిజం చెబితే నీకు మనశ్శాంతి. నాకు? దొంగ సర్టిఫికెట్టుతో ఉద్యోగం కొట్టాడని తీసేస్తారు, కేసు కూడా పెడతారు. ఇంకా ప్రొబేషనులోనే ఉన్నాను. నా పాపకు నాలుగేళ్ళు. ఇదే నా జీవితంలో మొదటి గట్టి నేల. నువ్వు పశ్చాత్తాపపడతానంటే నా కుటుంబం వీధిన పడాలా? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందని నువ్వంటావు. పోయే మానం నాదిరా!

రెండేళ్ళు ఆగు. ప్రొబేషను పూర్తి కానీ. అప్పుడు నేనే నిన్ను తీసుకుపోతాను. మా అమ్మ మీద ఒట్టు.

ఈలోగా వాణ్ణి నేను చూసుకుంటాను. జిమ్ముకు రమ్మన్నాను, రోజూ వస్తున్నాడు. రూపాయి తీసుకోను. కాలికి చిన్న చిన్న వ్యాయామాలు చేయిస్తున్నాను. నీ పేరు చెప్పి చేసినట్టే అనుకో.

ముని


మదనపల్లె,
7 సెప్టెంబరు 2003.

మునికి,

ఆదివారం బస్టాండు దాకా వచ్చాను. కుప్పం పోవడానికి పలమనేరు బస్సు ఎక్కి కూర్చున్నాను కూడా. కండక్టరు టికెట్ అడిగితే దిగిపోయాను. నీ పాప ముఖం గుర్తొచ్చింది.

రెండేళ్ళు ఆగుతాను. అంతకు మించి ఆగను.

చర్చిలో బల్ల దగ్గరికి పోవడం మానేశాను. పాస్టరు గారు అడిగారు. ఆరోగ్యం బాగాలేదన్నాను. అమ్మ మాత్రం ఒక్కతే బల్ల దగ్గరికి పోతోంది.

వ్యాయామాలు అన్నావు. ఏవి? ఆ కాలు గురించి ఇంకో సంగతి ఉంది, రాయబోయి కొట్టేశాను. పెద్ద విషయం కాదు. నడక, సైకిలు చాలు వాడికి.

విల్సన్


పుంగనూరు,
6 అక్టోబరు 2003.

విల్సన్,

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. మాలతి "మీ స్నేహితుడు ఈ మధ్య రావడం లేదే" అంటోంది. ఆమెకు సర్టిఫికెట్ సంగతి తెలియదు. మేము పెళ్ళి చేసుకున్నప్పుడు వాళ్ళ నాన్న ఆ కాగితానికి ఫ్రేము కట్టించాడు. హాల్లో గోడకు వేలాడుతోంది. అన్నం తినేటప్పుడు ఎదురుగా అదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా ఇంటికి వచ్చి దాని వైపు చూస్తే నేను మాట మారుస్తున్నాను.

కొట్టేసిన సంగతి ఏమిటో రాయి. నాతో ఏం దాపరికం? రాయకపోతే పోనీలే.

గోపాలస్వామి బాగా పుంజుకున్నాడు. ఎండిపోయిన పిక్కలో కండ వస్తోంది. టేపు పెట్టి కొలుస్తున్నాను. నెలన్నరలో ముప్పావు అంగుళం! కొలిచిన ప్రతిసారీ నాకు ఇంత అన్నం ఎక్కువ దిగుతుంది. వాడు నవ్వుతాడు. "నాకంటే మీకే ఎక్కువ కుశాలు సార్" అంటాడు.

పాపక్క నాకు రాగిముద్ద పెట్టింది మొన్న. నా చేతికి ముద్ద అందిస్తూ "నా కొడుకు ఇన్నేండ్లకు నవ్వతాండాడు నాయనా, నీ పున్నెం" అంది. ఆ పున్నెం నాది కాదు. అయినా తిన్నాను.

ముని


కుప్పం,
11 జనవరి 2004.

ఒరే విల్సన్,

మూడు నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇవాళ మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

టోర్నమెంటు మొదలైంది. మా స్కూలు పిల్లలు క్వార్టర్ ఫైనల్స్ దాటారు! పెనాల్టీల్లో నాలుగు మూడు. గొంతు పోయింది నాకు. సెమీఫైనల్ పద్దెనిమిదిన. గణతంత్ర దినం ఫైనలుకు ముందు పాత ఆటగాళ్ళ మ్యాచ్ ఒకటి పెడుతున్నారు, పది నిమిషాలు. గోల్లో ఎవరు నిలబడతారో చెప్పు? గోపాలస్వామి!

నేనే పేరు ఇచ్చాను. వాడు వద్దన్నాడు, నేను వినలేదు. ఒక్కసారి వాణ్ణి మళ్ళీ ఆ రెండు కొయ్యల మధ్య నిలబెడితే చాలురా, నా గుండెల్లో ముల్లు ఊడుతుంది. నీకూ ఊడుతుంది. పోయిన నెల నుంచి బార్ భుజాన వేసి బస్కీలు తీయిస్తున్నాను. ఇరవై కిలోలతో మొదలుపెట్టాను. ఇప్పుడు అరవై! ఆ కాలితో అరవై కిలోలు! నీకు చెబితే చాదస్తంగా వద్దంటావని ఇంతదాకా రాయలేదు. ఒక్కో దినం పళ్ళు బిగబడతాడు. "నొప్పా?" అంటే "ల్యా సార్, ఇంగో రెండు తీస్తా" అంటాడు. అంత పట్టుదల నేను ఎవరిలోనూ చూడలేదు.

ఫైనలుకు రా. ఏమీ చెప్పొద్దు. దూరంగా నిలబడి చూసిపో.

ముని


మదనపల్లె,
17 జనవరి 2004.

ముని,

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి వాడితో బరువు ఎత్తించడం ఆపు. బార్ ముట్టుకోనివ్వద్దు. గోల్లో నిలబెట్టవద్దు.

కొట్టేసిన సంగతి ఇదే. తొంభైయారులో గోపాలస్వామి మా ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికి నేను ఎక్స్‌రే గదిలో చేరి ఏడాది. దెబ్బ తగిలిన రోజే వాడి వాళ్ళు బండి కట్టించుకుని తీసుకుపోయి ఎక్కడో నాటుకట్టు కట్టించారు. కాలు వంకరగా అతుక్కుంది. కాదు, అతుక్కోలేదు. ఫిల్ము తీసింది నేనే. వాడి మడమ పట్టుకుని బల్ల మీద సరిగ్గా పెట్టింది ఈ చేతులే. వాడు "సల్లగుండాదప్పా నీ సెయ్యి" అన్నాడు. నేను ఎవరో చెప్పలేదు.

ఎముక మధ్యలో గీత అలాగే ఉంది. పైపైన పట్టుకుని నిలబడింది, అంతే. ఆపరేషను చేయించుకోవాలి, అందాకా బరువులు ఎత్తకూడదు అని డాక్టరు చెప్పాడు. వాడు తిరిగి రాలేదు. ఆ ఫిల్ము నా దగ్గరే ఉంది, నా పెట్టెలో.

ఆపు. వెంటనే ఆపు.

విల్సన్


కుప్పం,
21 జనవరి 2004.

విల్సన్,

నీ ఉత్తరం ఇవాళ పదిన్నరకు స్కూలుకు వచ్చింది. గోపాలస్వామి కాలు పొద్దున ఆరింటికి విరిగింది.

నాలుగో బస్కీ. కట్టె విరిగినట్టు చప్పుడు. బార్ నేను పట్టుకున్నాను గాని వాడు పడిపోయాడు. ఎముక చర్మం చీల్చుకుని వచ్చింది. షెడ్డులో మట్టి నేల. నా పంచె చింపి కట్టాను. వేలూరుకు తీసుకుపోదామంటే వాడే అన్నాడు, "మదనపల్లెకే సార్, నా పాత ఫిల్ము ఆడనే ఉండాది" అని. వ్యానులో పంపాను, పాపక్కను తోడిచ్చి. నేను ఎక్కలేదు. ఎక్కలేకపోయాను.

సాయంత్రానికి నీ చేతికే వస్తాడు.

ఒక్క మాట అడుగుతాను. ఉత్తరం మీద తేదీ పదిహేడు. పోస్టాఫీసు ముద్ర పంతొమ్మిది. ఆ రెండు రోజులు ఏం చేశావు?

మునిచంద్ర


మదనపల్లె,
8 ఫిబ్రవరి 2004.

మునిచంద్రకు,

ఆ రెండు రోజులు ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. పోస్టు చేస్తే నేను తొంభైయారులో నోరు మూసుకున్నానని నీకు తెలిసిపోతుంది. అందుకు సిగ్గుపడ్డాను. టెలిగ్రాం ఇచ్చినా సరిపోయేది. మీ స్కూలుకు ఫోను చేశాను, పండగ సెలవులు, ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే బాగుండునని అనుకుంటూనే చేశాను. అంతకంటే దాచను నీ దగ్గర.

వాడి కాలు పోయింది. చీము పట్టింది. డాక్టర్లు ఐదు రోజులు పోరాడారు. జనవరి ఇరవయ్యారున మోకాలి కింద తీసేశారు. ఫైనల్ రోజు.

నిన్న వాడికి అంతా చెప్పాను. వార్డులో పాపక్క టీ కోసం బయటికి పోయినప్పుడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. పేరు మీద ఆడటం, తన్నటం, తొంభైయారు, అన్నీ. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను.

వాడు గోడ వైపు చూస్తూ విన్నాడు. చివరికి ఇట్లా అన్నాడు. వాడి మాటలు ఒక్కటి కూడా మార్చకుండా రాస్తున్నాను, నీకు చెప్పమని వాడు అనలేదు, అయినా నీకు తెలియాలి.

"నువ్వు తన్నినావు. సరే. ఆటలో కండ్లు కనపడవు, నాకూ తెలుసు. నిన్ను ఏమన్నా అనేదానికి నాకు ఓపిక ల్యా. ఆయప్ప యాల నేనే అని సెప్పినాడు? బరువులు ఎత్తొద్దని డాక్టరు అప్పుడే సెప్పినాడు నాకు. తెలిసే ఎత్తినా. ముప్పై కిలోల కాణ్ణుంచే నొప్పి. నిద్దర పట్టేది కాదు. నేను ఒగొగటి ఎత్తుతా ఉంటే ఆయప్ప మొగం తేటపడేది. పాపం, నా కాలు ఇరిసినానని లోపల్లోపల సస్తాండాడు, నేను నిలబడితే ఆయప్ప బతుకుతాడు అనుకుంటి. ఆయప్ప కోసరం ఎత్తితినప్పా. ఆయప్ప నాకు ఏమీ సెయ్యనే లేదంటివే ఇప్పుడు."

అంతే. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఇవాళ నేను వార్డుకు పోతే ఇంకో టెక్నీషియన్ను పంపమన్నాడట.

నా వంతు నేను చెప్పేశాను. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

నీ సర్టిఫికెట్ సంగతి వాడు ఎవరికీ చెప్పడట. పాపక్కతో అన్నాడట, "ఆయప్పకు ఆడబిడ్డ ఉండాది" అని. నీ ఉద్యోగానికి ఏ భయమూ లేదు.

విల్సన్


పుంగనూరు,
14 మార్చి 2004.

విల్సన్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఇరవై దినాలు స్కూలుకు పోయి వచ్చాను. ఈల ఊదాను, హాజరు పిలిచాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏ భయమూ లేదని నువ్వు రాశావే, ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. వాడు నా కోసం ఎత్తిన అరవై కిలోలు చాలవా, నా ఉద్యోగం కూడా వాడే మోయాలా?

మార్చి మూడున చిత్తూరు పోయి ఫ్రేములోంచి కాగితం తీసి జిల్లా ఆఫీసులో ఇచ్చాను. ఇది నాది కాదు, ఆ మ్యాచ్ నేను ఆడలేదు అని రాసి సంతకం పెట్టాను. నీ పేరు రాయలేదు. ఎవరు ఆడారని అడిగారు, చెప్పనన్నాను. సస్పెన్షను కాగితం వచ్చింది. కేసు ఉంటుందో లేదో తెలియదు. నరసింహులు సారు నా ముఖం చూడలేదు. మాలతి రెండు రోజులు ఏడ్చింది, ఇప్పుడు మాట్లాడటం లేదు. గోడ మీద ఫ్రేము ఉన్నచోట సున్నం తెల్లగా కనపడుతోంది. పాప "నాన్నా, నీ బొమ్మ యాడికి పోయింది?" అని అడుగుతోంది. బావమరిది పాల వ్యాపారంలో కలవమన్నాడు. రేపటి నుంచి పాల క్యాన్లు మోయాలి.

మొన్న కుప్పం పోయాను, జిమ్ సామాను అమ్మేయడానికి. ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చేశాను. ఆ బార్ మాత్రం నేను చేత్తో పట్టుకోలేకపోయాను, కొన్నవాడే వచ్చి ఎత్తుకున్నాడు. ఆ పని అయిపోయాక కాళ్ళు వాటంతటవే స్టేషను వైపు తీసుకుపోయాయి. సైకిల్ అంగడి మూసి ఉంది. గోపాలస్వామి ఇంటికి పోయాను.

ఏం చెప్పాలో నాలుగు దినాలుగా అనుకుంటూనే ఉన్నాను. ఉద్యోగం వదిలేశానని చెబుదామా? చెబితే, సూడు నీ కోసం నేనూ పోగొట్టుకున్నా అని లెక్క చెప్పినట్టు ఉంటుంది. క్షమించమందామా? ఒకసారి దొంగతనంగా తీసుకున్నాను గదా. ఏమీ తేలలేదు. తలుపు తట్టాను.

లోపల ఊతకర్ర చప్పుడు వినిపించింది. నేల మీద టక్కు టక్కుమని రెండు మూడు అడుగులు పడి, ఆగిపోయింది. మెల్లగా ఏవో మాటలు. తరువాత పాపక్క వచ్చి తలుపు సగం తీసింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పొట్టి మనిషి. ఆమె తల మీదుగా లోపలి గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డ వాడి భుజం నాకు కనపడుతూనే ఉంది.

"మా వోడు ఇంట్లో లేడని సెప్పమన్నాడు నాయనా," అంది. ఇంకేదో చెప్పబోయి తల అడ్డంగా ఊపింది. "ఈడనే ఉండాడు. మొగం సూసి అబద్దం సెప్పేదానికి నాకు నోరు రాలేదు. నువ్వే ఎల్లిపోప్పా."

వచ్చేశాను.

మునిచంద్ర